మూత్రనాళం సన్నబడితే: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో నా ఓపీకి మూత్రం ధార సన్నబడిందని వచ్చే మగవాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి ఆగి ఆగి వస్తారు. వాళ్లని ఆపేది డబ్బు ఒక్కటే కాదు, చుట్టుపక్కల వినే మాటలు కూడా.

అపోహ: "వేడి చేసింది, అంతే."

సబ్జా నీళ్లు, బార్లీ నీళ్లు తాగితే మంట కాస్త తగ్గొచ్చు. మూత్రం బయటికొచ్చే దారిలో పడిన మచ్చ మాత్రం కరగదు. కొబ్బరిచెట్టు మీంచి జారి కాళ్ల మధ్య దెబ్బ తగిలినా, బైక్ యాక్సిడెంట్‌లో కటి ఎముక విరిగినా, ఎప్పుడో యూరిన్ పైపు వేసినప్పుడు లోపల ఒరుసుకున్నా, గనేరియా లాంటి ఇన్ఫెక్షన్ వచ్చినా లోపలి పొర గట్టి మచ్చగా మానుతుంది. దెబ్బ తగిలిన ఎన్నో ఏళ్లకు కూడా బయటపడొచ్చు కాబట్టి చాలామందికి ఆ దెబ్బే గుర్తుండదు. ముక్కి పోయాల్సి రావడం, ధార రెండుగా చీలడం, పోశాక ఇంకా మిగిలిందనిపించడం ఉంటే యూరోఫ్లోమెట్రీ, అంటే ధార వేగం కొలిచే పరీక్ష చేయించండి. మామూలు ధారకు కాగితం మీద గీత గుట్టలా లేచి దిగుతుంది. దారి బిగిసినవాళ్లకు కొంచెమే లేచి, అలా బల్లపరుపుగా చాలాసేపు సాగుతుంది.

అపోహ: "ఇది ఉద్దానం కిడ్నీ జబ్బే."

ఉద్దానంలోని కవిటి, సోంపేట వైపువాళ్లు ముందు ఈ టెన్షన్‌తోనే వస్తారు. రెండూ వేరు. ధార సన్నబడటం ఆ జబ్బు లక్షణం కాదు. అలాగని దారి బిగిసినా పట్టించుకోకపోతే మూత్రం వెనక్కి ఒత్తి కిడ్నీలు పాడవొచ్చు. అందుకే కిడ్నీల పనితీరు చూపే క్రియాటినిన్ రక్తపరీక్ష, స్కానింగ్ కూడా చేయిస్తాం.

అపోహ: "గొట్టంతో వెడల్పు చేయించుకుంటూ ఉంటే చాలు, ఆపరేషన్ ఎందుకు?"

నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే. మచ్చ చిన్నదై, మొదటిసారి అయితే వెడల్పు చేయడమో, ఎండోస్కోపీతో కోయడమో సరైన వైద్యమే. తిరగబెట్టాక మళ్లీ మళ్లీ చేస్తే మాత్రం ఫలితం తగ్గిపోతూ వస్తుంది, మచ్చ ఇంకా పొడవవుతుంది. అప్పుడు మూత్రం దారిని సరిచేసే ఆపరేషన్, యురెత్రోప్లాస్టీయే మార్గం. పొట్టి మచ్చ అయితే కోసి తీసేసి రెండు చివరలూ కలిపి కుడతాం. పొడవైనదైతే బుగ్గ లోపలి పొర తెచ్చి అతికిస్తాం. ఎక్కువమందికి ఇది ఏళ్ల తరబడి నిలుస్తుంది.

అపోహ: "బుగ్గ కోస్తే మూతి వంకరపోతుంది."

పోదు. తీసేది పలుచటి పొర, బయటికి మచ్చ కూడా కనబడదు. ఎప్పుడూ తడిలో ఉండే పొర, వెంట్రుకలు ఉండవు కాబట్టే మూత్రం దారికి సరిపోతుంది. మొదట్లో చల్లార్చిన చోడి (రాగి) అంబలి, పెరుగన్నం తినండి, కారం, పులుసు వద్దు. రెండు మూడు వారాల్లో నోరు మానుతుంది, కొందరికి కొన్నాళ్లు తిమ్మిరి, బిగుతు ఉంటాయి. ఖైనీ, గుట్కా, చుట్ట, ముఖ్యంగా మన దగ్గరి అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) బుగ్గ లోపలి పొరను పాడుచేస్తాయి కాబట్టి, అలవాటున్నవాళ్లు దాచకుండా చెప్పాలి. ఆపరేషన్ మాట ఎత్తే ముందే నేను టార్చి వేసి నోరు చూస్తాను.

అపోహ: "పైపు ఎంత త్వరగా తీయించుకుంటే అంత మంచిది."

ఆపరేషన్ అయ్యాక మూత్రం పోవడానికి వేసిన పైపును సాధారణంగా 2, 3 వారాలు ఉంచుతాం. లోపల నీళ్లతో ఉబ్బిన బుడగ ఉంటుంది, లాగితే కుట్లు చిరుగుతాయి. పైపును తొడకు ప్లాస్టర్‌తో అంటించి, బ్యాగు నడుముకన్నా కిందే ఉంచండి. పైపు పక్కనుంచి కొన్ని చుక్కలు పడితే కంగారు వద్దు. బ్యాగులోకి రావడం ఆగి పొత్తికడుపు ఉబ్బితే మాత్రం అర్ధరాత్రైనా ఆసుపత్రికి రండి. పైపు తీసే ముందు, ఎక్స్‌రేలో కనబడే మందు ఎక్కించి ఎక్స్‌రే తీస్తాం. లీకు కనబడితే ఇంకొన్నాళ్లు ఉంచుతాం.

అపోహ: "ఇక సంసారానికి పనికిరారు."

ఈ ప్రశ్నని చాలామంది గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి అడుగుతారు. ఆపరేషన్ తర్వాత కొందరికి అంగస్తంభన కొన్ని నెలలు తగ్గొచ్చు, ఎక్కువమందికి మళ్లీ కుదురుకుంటుంది. కటి ఎముక విరిగినవాళ్లలో ఆ దెబ్బ వల్లే సమస్య ముందునుంచీ ఉండొచ్చు. సుమారు 6 వారాలు దూరంగా ఉండాలి. భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చి అడగండి, ఇందులో సిగ్గు పడాల్సింది లేదు.

తిరగబెట్టేది ఎక్కువగా మొదటి ఒకటి రెండేళ్లలోనే. బాగుందని చెకప్ మానకండి. తర్వాత ఏ జబ్బుకైనా యూరిన్ పైపు వేయాల్సి వస్తే, వేసేవాళ్లకు ముందుగా ఈ ఆపరేషన్ కాగితం చూపించండి.