విశాఖ రేవు బురదలో ఎర్ర పురుగు

అడుగు బురదను పట్టి తెచ్చే ఇనప గ్రాబుకు తాడు కట్టి విశాఖ లోపలి రేవులో అడుగుకంటా దించి లాగితే కొన్నిచోట్ల గ్రీజులాంటి నల్లబురద వస్తుంది, కుళ్ళిన గుడ్డు కంపుతో. అర మిల్లీమీటరు జల్లెడలో పోసి కడిగితే చివరికి దారప్పోగుల్లాంటి ఎర్ర పురుగులు మిగులుతాయి. పేరు క్యాపిటెల్లా. ప్రాణవాయువు అందక మిగతా జీవాలు చచ్చినచోట ఇది వేలల్లో పెరుగుతుంది.

ఈ బురద కథ రేవు పుట్టుకతోనే మొదలైంది. మేఘాద్రి గెడ్డ అనే వాగు సముద్రంలో కలిసేచోట ఉన్న చిత్తడినేల తవ్వి చేసిన రేవు ఇది. 1933లో తెరిచారు. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనున్న సన్నటి కాలువే ఓడలకు దారి. తుఫానొస్తే ఓడలు లోపల భద్రం. మురికీ అంతే భద్రం! ఇక్కడ పోటుకూ పాటుకూ తేడా రెండు మీటర్లు దాటదు కనుక లోపలి నీరు తొందరగా మారదు. గెడ్డకు ఎగువన రిజర్వాయరు కట్టాక పైనుంచి వచ్చే మంచినీరూ తగ్గింది.

1957లో చమురు శుద్ధి కర్మాగారం, 1967లో ఎరువులది, 1970లలో జింకుది వచ్చాయి. వాటికి తోడు ఊరి మురుగు. ఎరువుల నత్రజని, భాస్వరం పడితే నాచు విపరీతంగా పెరుగుతుంది, చచ్చి కుళ్ళేటప్పుడు నీటిలోని ప్రాణవాయువును తినేస్తుంది. 1967లోనే అమెరికా ఉష్ణమండలపు ఆల్చిప్ప ఒకటి ఇక్కడ బయటపడింది. ఓడలతో వచ్చిన చుట్టం, ఇంక కదల్లేదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రవేత్తలు పి.ఎన్. గణపతి, ఎ.వి. రామన్ 1970ల నుంచి ఈ బురదను లెక్కగట్టారు. ఏ పురుగు ఎక్కడ ఎంతుందో చూసి రేవులో ఏ భాగం ఎంత చెడిందో చెప్పారు. నా దృష్టిలో ఇది మంచి ఉపాయం. సీసాలో పట్టిన నీరు ఆ పూట సంగతే చెబుతుంది, అడుగు జీవాలు నెలల సంగతి చెబుతాయి.

అయితే పురుగు మాట పూర్తిగా నమ్మడానికీ లేదు. మురుగునీటి వల్ల పెరిగిందా, ఫ్యాక్టరీ నీటి వల్లా అన్నది అది చెప్పదు. దానికి బురదలోని లోహాలు కూడా చూడాలి. పైగా క్యాపిటెల్లా అని ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒకేలా కనిపించే చాలా జాతుల గుంపని 1976లోనే తేలింది. ఇంకో చిక్కు పూడికతీతతో. డ్రెడ్జరు గోకి వదిలిన అడుగులోకి ముందుగా దూరేవాటిలో ఇదొకటి. అందుకే జల్లెడలో ఎర్రపోగులు కనబడగానే కాలుష్యమని రాసుకోకుండా, అక్కడ డ్రెడ్జరు ఆఖరుసారి ఎప్పుడు తిరిగిందో ముందు కనుక్కోవాలి.