ఎడమ కాలుకు కుడి మెదడు: నరాల దారులు ఎక్కడ దాటుతాయి?

కందుకూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: "మా మేనమామకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయినాయి సార్. స్కాను తీసినోళ్లేమో కుడిపక్క మెదడులో రక్తం గడ్డ కట్టిందంటున్నారు. ఫిల్ము తిరగేసి చూసినారేమోనని ఇంట్లో అందరికీ అనుమానం."

ఈ అనుమానానికి ఆధారం లేకపోలేదు. స్కాను ఫిల్ములో రోగి కుడిపక్క మనకు ఎడమచేతి వైపున కనిపిస్తుంది. పడుకున్న మనిషిని పాదాల దగ్గర నిలబడి చూసినట్టుగా ఆ బొమ్మలు అచ్చవుతాయి. డాక్టర్లు దాన్ని అలాగే చదవడం నేర్చుకుంటారు కాబట్టి వాళ్లు కుడి అన్నారంటే అది కుడే. ఫిల్ము సరిగ్గానే ఉంది. దారులే అటు ఇటు దాటతాయి.

తలకు ఒకపక్క దెబ్బ తగిలితే రెండోపక్క శరీరం దెబ్బతింటుందని ప్రాచీన గ్రీకు వైద్యులు గమనించారు. నరాలు ఎక్స్ అక్షరంలా ఒకదాన్నొకటి దాటుతాయని వాళ్లలో ఒకడైన అరెటియస్ రాశాడు. ఆ దాటే చోటును కోసి చూపించింది మాత్రం చాలా తర్వాత, 1709లో ఇటలీలో మిస్టికెల్లి, 1710లో ఫ్రెంచి వైద్యుడు పుర్‌ఫూర్ ద్యు పెటీ. మన పదో తరగతి పిల్లలు మెదడు బొమ్మ వేసి పెద్దమెదడు, చిన్నమెదడు, మజ్జాముఖం (మెదడు వెన్నుపాములోకి దిగే చోటు) అని చక్కగా గుర్తులు పెడతారు, మార్కులూ తెచ్చుకుంటారు. ఆ భాగాల మధ్య ఏది ఎటు పోతుందో ఒక్క గీత గీసి చూపిస్తే వాళ్లకు మెదడు మీద జీవితాంతం ప్రేమ పుడుతుందని నా నమ్మకం. భాగాల పేర్లు ఎలాగూ పుస్తకంలో ఉన్నాయి, నేను దారుల సంగతే చెబుతాను.

నెల్లూరు జిల్లాలో తూర్పుకు పారే మన పెన్న నదిని వెన్నుపాము అనుకోండి. ఎగువన సోమశిల ఆనకట్ట మెదడు. దిగువన సముద్రం దగ్గరి ఊళ్లు పాదాలు. ఉత్తరపు ఒడ్డు శరీరంలో ఎడమపక్క, దక్షిణపు ఒడ్డు కుడిపక్క. సోమశిలలో కూడా దక్షిణపు సగం కుడి మెదడు. నడుమ సంగం బ్యారేజీ మజ్జాముఖం. పెన్నలో నీళ్లు లేని ఎండాకాలం అనుకోండి, ఇసుకలో ఎక్కడంటే అక్కడ నడిచి దాటవచ్చు.

ముందు కదలిక. ఎడమ కాలు ఎత్తమనే ఆజ్ఞ కుడి మెదడులో, నడినెత్తి నుంచి చెవి వైపు దిగే ఒక పట్టీలో పుడుతుంది. అది దక్షిణపు ఒడ్డునే దిగి సంగం చేరి, బ్యారేజీ మీదుగా ఉత్తరపు ఒడ్డుకు దాటి, బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు మీదుగా విడవలూరు, అంటే ఎడమ పాదానికి పోతుంది. మజ్జాముఖంలో ఒక్కో పక్కన ఇలాంటి నరాల పోగులు సుమారు 10 లక్షలు. వాటిలో 85 నుంచి 90 శాతం అక్కడే దాటేస్తాయి. మిగిలినవి అదే ఒడ్డున కొంతదూరం పోయి, ముఖ్యంగా మొండెం కండరాలకు పనికొస్తాయి. నాకు ఎప్పటికీ పాతబడని సంగతి ఒకటుంది: ఈ దారిలో ఆజ్ఞ చేతులు మారేది ప్రధానంగా ఒక్కసారే. మెదడులోని ఒక కణం తన తోకను నడుము దాకా చాచి వెన్నుపాములోని రెండో కణాన్ని తాకుతుంది. ఆ రెండో కణం తోక నేరుగా పాదం కండరం దాకా పోతుంది.

ఇక స్పర్శ. ఇందులో రెండు రకాల కబుర్లు, రెండు రకాల దారులు. మెత్తని తాకిడి, అదురు, కళ్లు మూసుకున్నా వేలు ఎటు వంగి ఉందో తెలియడం ఒక రకం. విడవలూరు నుంచి బయలుదేరిన ఈ కబురు ఉత్తరపు ఒడ్డునే ఎగువకు పోయి సంగం దగ్గర దాటుతుంది. నొప్పి, వేడి, చల్లదనం రెండో రకం. ఈ కబురు సంగం దాకా ఆగదు. విడవలూరులో బయలుదేరీ బయలుదేరగానే ఇసుకలో అడ్డం పడి ఇందుకూరుపేట వైపు ఒడ్డెక్కి, అక్కడి నుంచి దక్షిణపు ఒడ్డునే పోతుంది. చివరికి రెండూ మెదడు నడిమధ్యనున్న థాలమస్ అనే భాగంలో కలిసి కుడి మెదడుకే చేరతాయి.

ఇప్పుడు కోవూరుకు ఎగువన ఉత్తరపు గట్టు ఒక్కటే తెగిందనుకోండి. విడవలూరుకు ఆజ్ఞలు రావు, ఎడమ కాలు కదలదు. విడవలూరు తాకిడి కబురూ పోదు. కానీ దాని నొప్పి కబురు అవతలి ఒడ్డున క్షేమంగా పోతూనే ఉంటుంది. ఎదుటి ఒడ్డున ఇందుకూరుపేట సంగతి సరిగ్గా తలకిందులు: కుడి కాలు చక్కగా నడుస్తుంది, తాకితే తెలుస్తుంది, నిప్పు తగిలితే మాత్రం తెలియదు. దాని నొప్పి కబురు ఉత్తరపు ఒడ్డుకు దాటి వచ్చింది, ఆ గట్టే తెగింది. వెన్నుపాము సగం తెగితే ఇలా జరుగుతుందని 19వ శతాబ్దం నడుమ బ్రౌన్ సెకార్డ్ అనే వైద్యుడు వివరించాడు. ఆయన 1817లో మారిషస్‌లో పుట్టినవాడు. ఆ స్థితిని నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

కందుకూరు మేనమామ విషయానికొస్తే, దెబ్బ సోమశిలలోనే, సంగానికి చాలా ఎగువన. అందుకే ఎడమ చెయ్యి, ఎడమ కాలు రెండూ పోయాయి. పట్టీలో కాలుకు, చేతికి, ముఖానికి వేరువేరు చోట్లు ఉన్నా, కిందికి దిగే పోగులన్నీ మెదడు లోపల ఒక ఇరుకు చోట బిగువుగా కలుస్తాయి. దానికి రక్తం తెచ్చేవి సన్నని నాళాలు. ఏళ్ల తరబడి బీపీ అదుపులో లేకపోతే అవి చెడిపోతాయి. అక్కడ చిన్న గడ్డ అడ్డుపడినా సగం శరీరం పడిపోతుంది.

పక్షవాతం రాగానే పావురం నెత్తురు పూయించే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. చేతికి పూసిన నెత్తురు తలలోని గడ్డను తాకలేదు. ఆ పూత కోసం తిరిగే లోపు మెదడు చాలా దెబ్బతింటుంది. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల మెదడు కణాలు చస్తాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల లోపే ఇస్తారు, అదీ స్కానులో రక్తస్రావం లేదని తేలాకే. 108కి ఫోన్ చేసి, స్కాను ఉన్న ఆసుపత్రికి పోవాలి. మూతి వంకరపోయినప్పుడు డాక్టరు కనుబొమలు ఎత్తమనేది ఎందుకో కూడా చెప్పాలి. నుదుటి కండరాలకు రెండు మెదడు సగాల నుంచీ ఆజ్ఞలు వస్తాయి. మెదడులో ఒకపక్క గడ్డయితే మూతి వంకరపోయినా నుదుటి మీద ముడతలు పడతాయి. ముఖపు నరమే దెబ్బతింటే ఆ పక్క నుదురు కూడా కదలదు. ఇది ఇంట్లో తేల్చుకునే పరీక్ష కాదు, ఏదైనా ముందు ఆసుపత్రే.

చివరగా నాకు అన్నిటికంటే ఇష్టమైన చిక్కు. కొందరు రోగులకు ముఖం కుడిపక్క వేడి తెలియదు, చెయ్యీ కాలూ మాత్రం ఎడమపక్క వేడి తెలియవు. ఇంట్లోవాళ్లకు అది నటనలా కనిపిస్తుంది, లేదంటే గాలి సోకిందని తాయెత్తు కడతారు. 1895లో వాలెన్‌బర్గ్ అనే జర్మన్ వైద్యుడు ఈ స్థితిని వర్ణించాడు. దెబ్బ సంగం దగ్గరే, దక్షిణపు ఒడ్డు అంచున. ఎడమ ఒంటి నొప్పి కబుర్లు దిగువనే దాటి ఆ ఒడ్డుకు వచ్చి ఉన్నాయి. కుడి ముఖం కబుర్లు అదే ఒడ్డున దిగి, ఇంకా దాటక ముందే అక్కడ ఉన్నాయి. ఒక్క దెబ్బకు రెండూ తెగాయి.