శ్రావణం మొదటి ఊరేగింపులో గుర్రం ఎందుకు బిగుసుకుపోతుంది?

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. దానికి మూఢం కూడా తోడైతే ఊరేగింపు గుర్రాలకు వారాల తరబడి పనుండదు. గుర్రం కట్టుకొయ్య దగ్గరే నిలబడి ఉంటుంది, ఉలవలూ జొన్నలూ మాత్రం ఎప్పటిలాగే పడుతుంటాయి. ఇలా మేపిన గుర్రాన్ని శ్రావణంలో ఒక్కసారిగా కర్నూలు వీధుల్లోకో, ప్రొద్దుటూరు వీధుల్లోకో తీసుకొస్తే, బయల్దేరిన పావుగంట, అరగంటలోనే ఇబ్బంది మొదలవ్వొచ్చు. ఒళ్లంతా చెమట పడుతుంది. నడుము, వెనక తొడల కండలు గట్టిపడతాయి. అడుగు ముందుకు పడదు. తీవ్రంగా ఉంటే మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తుంది.

దీన్ని కడుపునొప్పి అనుకోవడం మామూలే, ఎందుకంటే రెండింటిలోనూ చెమట, అశాంతి, వేగంగా ఊపిరి కనిపిస్తాయి. కడుపునొప్పికి నడిపించే అలవాటుంది కాబట్టి దీనికీ నడిపిస్తారు. అదే కొంప ముంచేది. ఇక్కడ చెడుతున్నది కండ. నడిపించేకొద్దీ ఇంకా ఎక్కువ కండ చెడుతుంది.

జబ్బు కొత్తది కాదు. యూరప్‌లో బరువు బళ్లు లాగే గుర్రాలు ఆదివారం సెలవు రోజునా ఓట్స్ గింజలు కడుపునిండా తిని, సోమవారం పొద్దున బండికి కట్టగానే కూలబడేవి. అందుకే దానికి సోమవారం జబ్బని పేరొచ్చింది. కారణం వెతకడంలో శాస్త్రవేత్తలు చాలాకాలం తప్పుదోవ పట్టారు, ఆ పొరపాటు ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది.

కండలో దాచుకున్న పిండిలాంటి పదార్థం గ్లైకోజెన్. దాన్ని 1857లో కాలేయం నుంచి వేరుచేసింది క్లాడ్ బెర్నార్డ్. కండలో గ్లైకోజెన్ విరిగి లాక్టిక్ ఆమ్లం అవుతుందని తేలాక, కండ ముడుచుకోవడానికి కారణం ఆ ఆమ్లమేనన్న నమ్మకం బలపడింది. ఈ రంగంలో పనికే 1922 నోబెల్ బహుమతి హిల్, మేయర్‌హాఫ్‌లకు దక్కింది. దీన్ని కదిలించినవాళ్లలో మన భీమవరం మనిషి ఉన్నాడు. హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి యల్లాప్రగడ సుబ్బారావు 1927లో కండలో శక్తిని దాచిపెట్టే క్రియాటిన్ ఫాస్ఫేట్‌ను కనుక్కున్నారు. 1929లో కండకు నేరుగా శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం బయటపడింది. అందులోనూ ఆ ఇద్దరి పాత్ర ఉంది, అదే సమయంలో జర్మనీలో లోమన్ కూడా దాన్ని వేరుచేశాడు.

1930లో డెన్మార్క్‌లో లుండ్స్‌గార్డ్ కప్ప కండకు అయొడోఅసిటేట్ అనే విషం ఎక్కించి, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండా చేశాడు. అయినా కండ పనిచేసింది. క్రియాటిన్ ఫాస్ఫేట్ అయిపోయాకే బిగుసుకుంది, అదీ ఆమ్లం లేకుండానే. ముడుచుకోవడానికే కాదు, వదులవడానికీ కండకు ఏటీపీ కావాలి. అది లేకపోతే పట్టు విడదు. మన గుర్రం సంగతికి జవాబు చాలావరకు ఇందులోనే ఉంది. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే, 1930ల మొదట్లో, స్వీడన్‌లో కార్ల్‌స్ట్రోమ్ సోమవారం జబ్బుకు వేరే లెక్క చెప్పాడు: సెలవు రోజు గ్లైకోజెన్ పేరుకుంటుంది, పని మొదలవగానే అదంతా లాక్టిక్ ఆమ్లమై కండను కాలుస్తుంది. వినడానికి సబబుగా ఉండడంతో పశువైద్యంలో దశాబ్దాలపాటు ఇదే నడిచింది.

తర్వాత సూదితో గుర్రం పిరుదు కండలోంచి చిన్న ముక్క తీసి చూసే పద్ధతి వచ్చాక లెక్క తప్పింది. పందెంలో దౌడు తీసిన గుర్రం రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లం రక్తంలో ఉండే రూపం) లీటరుకు 20 మిల్లీమోల్ దాటినా కండ చెడదు. బిగుసుకున్న గుర్రమేమో చాలాసార్లు నెమ్మదిగా నడుస్తూనే కూలబడుతుంది, లాక్టేట్ పెద్దగా పెరగదు కూడా. 2008లో జీవైఎస్1 అనే జన్యువులో ఒక మార్పు దొరికింది. అది ఉన్న గుర్రంలో గ్లైకోజెన్ అతిగా తయారవుతుంది, అవసరానికి మాత్రం అందదు. గాదె నిండా గింజలున్నా తాళం తెరుచుకోనట్టు. బెల్జియన్, పెర్షెరాన్ లాంటి బరువు గుర్రాల్లో ఈ మార్పు బాగా ఉంది కాబట్టి ఆ పాత సోమవారం కేసుల్లో కొన్నిటికి ఇదే కారణమై ఉండాలి. జన్యువు బాగున్న గుర్రానికీ ఎండ, ఉప్పు లోటు, అలవాటులేని పని కలిస్తే కండ దెబ్బతినవచ్చు.

మరి దాణా తప్పేం లేదా? ఉంది, ఆమ్లం వల్ల కాదు. పిండి ఎక్కువగా తింటే ఇన్సులిన్ పెరిగి, ఒంట్లోని కొవ్వు రక్తంలోకి రాకుండా ఆపుతుంది. ఊరేగింపు లాంటి నెమ్మది నడకకు కొవ్వే అసలు ఇంధనం. మనిషిలో ఒక రోజులో నిండే గ్లైకోజెన్ గుర్రంలో నిండడానికి 48 నుంచి 72 గంటలు పడుతుంది. ముందురోజు రాత్రి దాణా దట్టించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

300 కిలోల గుర్రానికి ఒక పూటకు పిండిపదార్థం 300 గ్రాములు మించకపోతే మంచిది. అంత పిండిపదార్థం దాదాపు 430 గ్రాముల జొన్నల్లో ఉంటుంది. ఉలవల్లో నూటికి 22 గ్రాములు మాంసకృత్తులు. ఉడకబెట్టడం మంచి అలవాటే, అరుగుదలను అడ్డుకునే పదార్థాలు దాంతో తగ్గుతాయి. కానీ ఒంటికి వాడగా మిగిలిన మాంసకృత్తులు బలంగా నిల్వ ఉండవు, యూరియాగా మూత్రంలో పోతాయి. పనిలేని రోజు దాణాను సగానికి తగ్గించి, జొన్న చొప్పో వేరుశనగ కట్టో పెంచాలి. ఆ రోజుల్లోనూ గుర్రాన్ని కాసేపు తిప్పాలి. రోజుకు 15 గ్రాముల ఉప్పు తప్పదు, చెమట పట్టిన రోజు రెట్టింపు. పని పెరిగేటప్పుడు శక్తికి వేరుశనగ నూనె వాడవచ్చు, రెండు మూడు వారాల్లో మెల్లగా రోజుకు 100 మిల్లీలీటర్ల దాకా తేవాలి.

బిగుసుకుంటే జీను దించి, ఉన్నచోటే నీడ చేసి, నీళ్లు పెట్టి డాక్టర్‌ను పిలవాలి. నొప్పి సూది తొందరపడి వేయకూడదు. కండలోంచి కారిన ఎర్రటి పదార్థం అప్పటికే మూత్రపిండాలను ఇబ్బంది పెడుతుంటుంది, ఒంట్లో నీరు తగ్గి ఉండగా ఆ మందు పడితే అవి పూర్తిగా దెబ్బతినవచ్చు. అనుమానం తీరాలంటే రక్తంలో సీపీకే చూడాలి, కండ చెడితే రక్తంలోకి కారే ఎంజైమ్ అది. అది నాలుగు నుంచి ఆరు గంటల్లో పతాకస్థాయికి చేరుతుంది, కాబట్టి బిగుసుకున్న వెంటనే తీసిన రక్తంలో తక్కువగా కనిపించినంత మాత్రాన కండ బాగుందనుకోవడానికి లేదు.