మైనర్ డ్రైవింగ్ కేసులు: 2016 ఢిల్లీ ప్రమాదం దగ్గరే అసలు మలుపు

2024 మేలో పుణెలో ఒక మైనర్ నడిపిన పోర్షే కారు గుద్ది ఇద్దరు చనిపోయారు. ఆ కేసులో నిందితుణ్ని మేజర్‌గా విచారించాలని పోలీసులు కోరితే, పిల్లల నేరాల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు 2025 జులై 15న కుదరదంది. దాంతో పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఇద్దరి ప్రాణాలు పోయిన కేసులో పదిహేడేళ్ల వయసు ఒక్కటే రక్షణ అయిపోతుందా? 300 పదాల వ్యాసం రాయమన్న షరతుతో ఆ కుర్రాడికి బెయిలిచ్చారన్న గొడవ చాలామంది విన్నదే. కానీ బోర్డు అలా ఎందుకందో అర్థం కావాలంటే పుణె కంటే ముందు ఢిల్లీ చూడాలి.

2016 ఏప్రిల్ 4 రాత్రి ఢిల్లీ సివిల్ లైన్స్‌లో రోడ్డు దాటుతున్న 32 ఏళ్ల యువకుణ్ని ఒక మెర్సిడెస్ కారు గుద్దేసింది. అతను చనిపోయాడు. కారు నడిపిన కుర్రాడికి 18 నిండటానికి ఇంకా నాలుగు రోజులుంది. కొత్త జువెనైల్ జస్టిస్ చట్టం అమల్లోకి వచ్చి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. నిర్భయ ఘటన తర్వాత వచ్చిన ఆ చట్టం ప్రకారం 16 దాటిన మైనర్ ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లతో సమానంగా విచారించవచ్చు. బోర్డు ఆ ప్రకారమే కేసును పై కోర్టుకు పంపింది. అలా విచారించడం కుదరదని 2019 మేలో ఢిల్లీ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. మృతుడి సోదరి సుప్రీంకోర్టు తలుపు తట్టారు.

2020 జనవరి 9న తీర్పు వచ్చింది. కనీస శిక్ష ఏడేళ్లు ఉంటేనే చట్టం దృష్టిలో అది ఘోరమైన నేరం. కుర్రాడి మీద మోపిన నేరం హత్య కాని ప్రాణహరణం; దానికి అప్పటి ఐపీసీలో గరిష్ఠ శిక్ష భారీగానే ఉన్నా కనీస శిక్ష లేదు. కాబట్టి కుర్రాణ్ని పెద్దవాడిగా విచారించడం కుదరదని కోర్టు తేల్చింది. 2021లో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఇదే వర్గీకరణను ఖాయం చేసింది. ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఈ నేరంలోని తీవ్రమైన భాగానికి ఐదేళ్ల కనీస శిక్ష పెట్టింది. అదీ ఏడుకు తక్కువే. పుణెలో డిఫెన్స్ లాయర్లు పట్టుకున్నది కూడా ఈ తీర్పునే.

పెద్దవాడిగా విచారిస్తేనే మిగతా కుర్రాళ్లకు భయం పుడుతుందని బాధితుల తరఫువాళ్లు అంటున్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయితే ఢిల్లీ కేసులో అంతే ముఖ్యమైన ఇంకో సంగతి మరుగున పడిపోయింది. ఆ కుర్రాడికి అంతకుముందే చలానాలు పడ్డాయని పోలీసులు చెప్పారు. అయినా కారు మళ్లీ అతని చేతికి వచ్చింది. ప్రమాదం తర్వాత, కారు నడిపింది తానేనంటూ ఇంటి డ్రైవర్ ముందుకొచ్చాడు. ఎనిమిదేళ్ల తర్వాత పుణెలోనూ నేరం డ్రైవర్ మీదికి నెట్టేందుకు ప్రయత్నించారన్న ఆరోపణ వచ్చింది. రెండు చోట్లా ఆ పనులు పిల్లాడి ఒక్కడి వల్ల అయ్యేవి కావు.

పాత మోటారు వాహనాల చట్టంలో, లైసెన్స్ లేనివాళ్లకు బండి ఇచ్చిన యజమానికి మూడు నెలల జైలు లేదా వెయ్యి రూపాయల జరిమానా ఉండేది. హైదరాబాద్‌లో 2018లో పిల్లలకు బండ్లిచ్చిన కొందరు తల్లిదండ్రులను కోర్టులు ఒకటి రెండు రోజులు జైలుకు పంపాయి. అప్పట్లో అది సంచలనం. 2019 సెప్టెంబరు నుంచి అదే చట్టంలో 199ఎ సెక్షన్ అమల్లోకి వచ్చింది. మైనర్ బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి లేదా యజమానికి మూడేళ్ల వరకూ జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ కుర్రాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. తమకు తెలియకుండా తీసుకెళ్లాడనో, ఆపడానికి చేయగలిగినంతా చేశామనో నిరూపించుకోవాల్సింది పెద్దలే.

మన ఊళ్లలో ఇంటర్ పిల్లలకు స్కూటీ కొనిచ్చేవాళ్లు ‘గేర్లు లేవు కదా, పదహారుకే నడపొచ్చు’ అంటుంటారు. ఇంజిన్ 50 సీసీ మించకపోతేనే ఆ సడలింపు, అదీ లైసెన్స్ తీసుకున్నాకే. రోడ్ల మీద తిరుగుతున్న పెట్రోల్ స్కూటీల్లో చాలావరకూ అంతకంటే ఎక్కువ సీసీవి. పిల్లాడు కాలేజీకి ఎలా వెళ్తాడన్న టెన్షన్ నిజమే, బస్సు సరిగా రాని చోట మరీను. కానీ 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన 1,68,491 మందిలో మూడింట రెండు వంతులు 18-45 ఏళ్లవాళ్లే. ఇంటి ముందు సందులో పదిహేనేళ్లకు అబ్బిన దూకుడు, లైసెన్స్ చేతికొచ్చాక తగ్గిపోతుందని ఎలా అనుకుంటాం?

ఢిల్లీ మృతుడి తల్లిదండ్రులకు వడ్డీతో కలిపి సుమారు 1.98 కోట్ల రూపాయల పరిహారం ఇవ్వాలని 2024 జులైలో, ప్రమాద పరిహారాలు తేల్చే ట్రిబ్యునల్ ఆదేశించింది. కొడుకు పాత తప్పులు తెలిసీ తండ్రి పట్టించుకోలేదని తప్పుపట్టింది. నడిపినవాడికి లైసెన్స్ లేదు కాబట్టి, బీమా కంపెనీ ముందు ఆ డబ్బు చెల్లించి తర్వాత కారు ఎవరి పేరున ఉందో ఆ సంస్థ నుంచి రాబట్టుకోవచ్చంది. ఇల్లూ పొలం అమ్ముకునే పరిస్థితి ఇలాగే వస్తుంది. బండి కొనేటప్పుడు షోరూమ్‌లో ఈ మాట చెప్పేవాళ్లు అరుదు.

పుణె కేసులో కుర్రాడి విచారణ ఇక బోర్డు ముందే సాగుతుంది. నేరం రుజువైనా బాల నేరస్తులుండే ప్రత్యేక గృహంలో మూడేళ్లకు మించి ఉంచలేరు. అతని తండ్రి మీద, మద్యం పరీక్షకు తీసిన రక్త నమూనాలు మార్చారన్న ఆరోపణ ఎదుర్కొంటున్న డాక్టర్ల మీద కేసులు మాత్రం మామూలు కోర్టులోనే నడుస్తాయి. 2020 తీర్పుతో వాళ్లకు దక్కే మినహాయింపేమీ లేదు.