ఉభాల మడిలో వంగిన నడుము

నాగావళి ఆయకట్టులో ఉభాలు మొదలయ్యాయంటే, ఒక్కో మడిలో పదిమంది ఆడవాళ్లు వరుసగా వంగి, మోకాళ్లు పెద్దగా మడవకుండా, నారు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడుస్తుంటారు. గంటల తరబడి ఆ భారాన్ని వీపు కండరాలే మోస్తున్నాయని చూసేవారు అనుకుంటారు. కానీ మనిషి పూర్తిగా వంగినప్పుడు నడుము దగ్గరి పైవరుస కండరాల్లో విద్యుత్ సంకేతాలు దాదాపుగా ఆగిపోతాయని ఫ్లాయిడ్, సిల్వర్ అనే పరిశోధకులు 1955లోనే చూపించారు. అంటే ఆ క్షణంలో నడుము చాలావరకు లిగమెంట్లు, వెన్నుపూసల మధ్య మెత్తల్లా ఉండే డిస్కులు, కండరాలను కప్పి ఉంచే ఫేషియా అనే పొర మీద వేలాడుతూ ఉంటుంది.

పాఠ్యపుస్తకాలు సంధిబంధనాలని పిలిచే లిగమెంట్లు ఎముకను ఎముకతో కలిపే గట్టి పట్టీలు. వెన్నుపూసల మధ్య ఉండే వాటిలో ఒకటి పసుపు రంగులో ఉంటుంది. అందులో దాదాపు 80 శాతం ఎలాస్టిన్ అనే సాగే పదార్థమే కనుక, వంగినప్పుడు సాగి, లేచినప్పుడు వెన్నుపాము దారిలోకి ముడతపడకుండా తిరిగి కుదించుకుంటుంది. వయసుతో ఆ సాగుడు తగ్గి, అది మందమై దారిని ఇరుకు చేస్తుంది. నాలుగడుగులు వేస్తే కాళ్లు లాగే కొందరు పెద్దవారు సైకిలు హ్యాండిల్ మీదికి వంగి నడిపించుకుంటూ హాయిగా వెళ్లిపోవడానికి కారణం ఇదే: వంగితే ఆ దారి కాస్త తెరుచుకుంటుంది.

ఫేషియాను చూడాలంటే మాంసం కొట్టు దగ్గర నిలబడితే చాలు. కండ మీద నుంచి కత్తితో ఒలిచి పారేసే తెల్లని మెరిసే పొర అదే. మన నడుము వెనక అది దళసరిగా, పొరలు పొరలుగా ఉండి, ఒకవైపు చేతి నుంచి వచ్చే పెద్ద వీపు కండరాన్ని రెండోవైపు పిరుదు కండరంతో కలుపుతుంది. పొట్ట లోపలి కండరం కూడా దానినే పట్టుకుని లాగుతుంది. ఆ పొరలు ఒకదానిపై ఒకటి జారాలి. వాటిలో నరాల కొసలు దండిగా ఉంటాయి కనుక, మనం ‘నరం పట్టేసింది’ అనే నొప్పి కొన్నిసార్లు ఈ పొరదే కావచ్చు.

ఇబ్బంది అంతా లేచిన తరువాతే. చాలాసేపు లాగి ఉంచిన లిగమెంటు నెమ్మదిగా సడలుతుంది, వదిలిన వెంటనే బిగుసుకోదు. ఇరవై నిమిషాలు పూర్తిగా వంగి కూర్చోబెట్టిన ప్రయోగంలో, అరగంట తరువాత కూడా కొంత సడలింపు మిగిలే ఉంది. వరుస ముగించి లేచీ లేవగానే తడి నారు కట్టలు ఎత్తుకోవడం అందుకే ప్రమాదకరం. రాత్రంతా నీరు పీల్చి ఉబ్బిన డిస్కులతో తెల్లవారుజామునే వంగడం కూడా అలాంటిదే.

గట్టెక్కి, రెండు చేతులూ నడుముకు ఆన్చి, కాసేపు వెనక్కి విరుచుకుని నిలబడిన మనిషిని ఆసామి కసురుకుంటాడు. ఆ ప్రయోగంలో పోయిన బిగువులో దాదాపు సగం తిరిగి వచ్చింది మాత్రం నిటారుగా ఉన్న మొదటి రెండు నిమిషాల్లోనే.