కారులో పడుకుంటున్నారా? ఇంజిన్ ఆపండి

తిరుపతికో శ్రీశైలానికో రాత్రిపూట బయలుదేరినవాళ్లు దారిలో బండి ఆపి, సీట్లు వాల్చుకుని నిద్రపోవడం మామూలే. మూతలు పడుతున్న కళ్లతో స్టీరింగ్ పట్టుకోవడం కన్నా అది ఎంతో మేలు. కానీ కారులో పడుకున్నవాళ్లు తెల్లవారేసరికి లేవలేదన్న వార్తలూ అప్పుడప్పుడూ చదువుతూనే ఉన్నాం. ఏసీ గ్యాస్ లీకయిందనో, అద్దాలు మూసుకోవడంతో ఊపిరాడలేదనో జనం అనుకుంటారు. ఇంజిన్ నడుస్తున్న కారులో ముందుగా అనుమానించాల్సింది మాత్రం ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువునే.

అద్దాలు మూసినా కారులోకి గాలి కొంత వస్తూ పోతూనే ఉంటుంది. చాలా కార్లలో వెనుక బంపరు చాటున పలచని రబ్బరు రెక్కలుంటాయి. తలుపు వేసినప్పుడు లోపలి గాలి వాటి గుండానే బయటికి పోతుంది. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ లోపల పోగుపడినా మెదడు పసిగట్టి ఊపిరి వేగం పెంచుతుంది. ఉక్కిరిబిక్కిరై సాధారణంగా మెలకువ వస్తుంది. అయినా అద్దం రెండు వేళ్ల మందం దించుకోవడమే మంచిది. 20 డిగ్రీల వద్ద ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటి ఆవిరినే పట్టగలదు. ఇద్దరి ఊపిరిలోని తేమ రాత్రంతా చేరితే అద్దాలు లోపలివైపు నీరు కారతాయి.

కార్బన్ మోనాక్సైడ్ అలా లేపదు. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి మామూలుగానే ఆడుతుంటుంది, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతూనే ఉంటుంది, అందుకే మెదడుకు ప్రమాదం తెలియదు. మెలకువగా ఉంటే తలనొప్పి, వికారం హెచ్చరించేవి. నిద్రలో ఆ అవకాశమూ లేదు. కరోనా రోజుల్లో మనం కొనుక్కున్న ఆక్సీమీటరు కూడా ఇక్కడ మోసపోతుంది: ఈ వాయువు పట్టిన రక్తాన్ని ఆక్సిజన్ నిండిన రక్తంగా లెక్కగట్టి 98 చూపించగలదు.

ఏసీ కంప్రెసర్‌ను తిప్పేది ఇంజినే కాబట్టి రాత్రంతా ఏసీ కావాలంటే రాత్రంతా పొగ రావాల్సిందే. నడుస్తున్న బండి పొగను వెనక వదిలేసి పోతుంది. ఆగిన బండి కింద, ముఖ్యంగా సెల్లార్‌లోనో గోడ పక్కనో, అది పేరుకుంటుంది. సైలెన్సర్‌కు పడిన చిల్లు, డిక్కీ తలుపుకు అరిగిన రబ్బరు చాలు, అది లోపలికి రావడానికి. లోపలి గాలినే తిప్పే మీట నొక్కి నిశ్చింతగా ఉండకూడదు. సందుల్లోంచి చొరబడిన విషం అప్పుడు లోపలే తిరుగుతుంది. వ్యానులో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకున్నా ముప్పు ఇదే. బ్యాటరీ కారుకు పొగగొట్టమే లేదు గనుక అందులో ఏసీతో ఈ భయం లేదు.

ఎవరైనా అలా స్పృహ తప్పి కనిపిస్తే ఇంజిన్ ఆపి, తలుపులన్నీ తెరిచి, వెంటనే బయటికి తీసుకురండి. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. మాస్కుతో శుద్ధమైన ఆక్సిజన్ పెడితే గంట, గంటన్నర చాలు. అందుకే 108కి ఫోన్ చేసినప్పుడే, ఇంజిన్ నడుస్తున్న కారులో దొరికారని చెప్పండి.