ఆకుకి ఎలా తెలుసు?

చిట్టికీ, బుజ్జిగాడికీ,

మొన్న బుజ్జిగాడు సైకిల్ మీంచి పడ్డాడని విని, ఫోన్‌లో నోరు జారాను. "గడ్డి చామంతి ఆకు నలిపి పెట్టండి, ఇట్టే మానుతుంది" అన్నాను. "శుభ్రంగా కడిగాం, మందు రాశాం, నువ్వు ఊరుకో నాన్నా" అంది మీ అమ్మ. ఇంతలో వెనక నుంచి చిట్టి గొంతు వినిపించింది. "తాతయ్యా, వీడికి దెబ్బ తగిలిందని ఆ ఆకుకి ఎలా తెలుస్తుంది?"

తర్వాత చెప్తాలే అని తప్పించుకున్నాను. మూడు రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఆకుకి తెలియదమ్మా. బుజ్జిగాడెవరో, మోకాలంటే ఏమిటో దానికి తెలియదు. దాని గొడవ దానిది. పురుగు కొరుకుతుంది, బూజు పడుతుంది, మేక నోరు పెడుతుంది. పారిపోదామంటే కాళ్ళు లేవు. అందుకని చేదో, ఘాటో, మంటో ఒంట్లోనే తయారు చేసి దాచుకుంటుంది. మనం వెళ్ళి ఆ సరుకు కొట్టుకొచ్చి మన పనికి వాడుకుంటున్నాం. దానికి వైద్యం అని పేరు పెట్టుకున్నాం.

ఇలాంటి సరుకు బాగా దాచుకునే మొక్కల కుటుంబం ఒకటుంది. చామంతి, బంతి, పొద్దుతిరుగుడు మీరు ఎరిగినవే. గడ్డి చామంతి, గుంటగలగర, బోడతరం, మాచిపత్రి, అక్కలకర్ర కూడా ఆ ఇంటివే. మొత్తం 30,000 రకాలకు పైమాటే. పంటి నొప్పికి అక్కలకర్ర వేరు కొరికించేవాళ్ళు. నోరంతా జివ్వుమని, నీళ్ళూరి, తర్వాత మొద్దుబారిపోతుంది. ఆ మొద్దుబారడంలో నొప్పి కూడా కాసేపు మరుగున పడుతుంది.

ఇవన్నీ ఒకే ఇంటివని ఎలా పోల్చుకోవాలంటే, పువ్వు చూడాలి. చామంతి పువ్వు నిజానికి ఒక పువ్వు కాదు, ఒక క్లాసు. అంచున రేకులనుకుంటామే, అవి కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు. దారిన పోయే తేనెటీగల్ని చేతులూపి పిలవడం వాళ్ళ పని. లోపల పసుపు బొడ్డులో వరసల్లో ఒద్దికగా కూర్చున్నవాళ్ళున్నారు చూడండి, వాళ్ళూ ఒక్కొక్కరు ఒక్కో పూర్తి పువ్వు. కాకపోతే చిట్టి గొట్టాల్లా ఉంటారు. అందరూ ఒకేసారి విచ్చుకోరు. బయటి వరసతో మొదలై, రోజుకి కొన్ని వరసల చొప్పున మధ్యకి వస్తారు. గడ్డి చామంతి క్లాసులో అయితే, బడి వదిలాక ఒక్కొక్కరు తలా ఒక గొడుగు వేసుకుని గాలిలో ఇళ్ళకి బయల్దేరతారు. విత్తనం నెత్తిన ఉండే తెల్లటి నూగే ఆ గొడుగు. చామంతికీ బంతికీ గుంటగలగరకీ గొడుగులు లేవు, వాళ్ళు నడిచి వెళ్ళే పిల్లలనుకోండి. ముద్దబంతిలో చాలావరకు అందరూ కిటికీ పక్కవాళ్ళే, ఇక పాఠం వినేదెవరు? పొద్దుతిరుగుడులో అయితే కిటికీ పక్కవాళ్ళకి గింజే పట్టదు. అంటే వాళ్ళు పరీక్ష తప్పారని కాదు, అసలు వాళ్ళకి పరీక్షే లేదు... సరే, ఈ పోలికని తెగేదాకా లాగాను. ఇక్కడితో వదిలేస్తాను.

గడ్డి చామంతిని మేం రావణాసురుడి తలకాయ అనేవాళ్ళం. జానెడు సన్నటి కాడ, దాని చివర ఒంటరిగా ఒకే పువ్వు. కాడని మడిచి మెలేసి లాగితే తల ఎగిరిపడేది. ఎవరి తల ఎక్కువ దూరం పడితే వాళ్ళు గెలిచినట్టు. ఎన్ని వందల తలలు తీశానో. ఆ ఒక్క తలలో మళ్ళీ ఇన్ని తలలున్నాయని తెలిసినప్పుడు నాకు నలభై ఏళ్ళు దాటాయి. పేరు పెట్టినవాళ్ళకి ఆ సంగతి ముందే తెలుసా అని అప్పుడు అనుమానం వచ్చింది.

నేను పడ్డ ప్రతిసారీ మా నాయనమ్మ ఆ ఆకులే నాలుగు తుంచి, అరచేతిలో నలిపి, పచ్చటి పసరు దెబ్బ మీద పిండేది. ప్రాణం పోయేంత మంట. కాసేపటికి నెత్తురు ఆగేది. నాకు మానింది కాబట్టి మీకూ అదే చెయ్యమనను. కోసుకొచ్చిన ఆకుతో పాటు మట్టి వస్తుంది, మట్టిలో ధనుర్వాతం క్రిములు ఉండొచ్చు. నాయనమ్మకి ఆ సంగతి తెలియదు. మీ అమ్మకి తెలుసు.

నాయనమ్మని చూసి నేనూ వైద్యుణ్ణయిపోయాను. ఒకసారి ముల్లు గీరుకుంటే, గడ్డి చామంతి కనబడక, చిన్న తెల్ల పువ్వులున్న ఇంకో మొక్క ఆకు నలిపి చేతికి రుద్దుకున్నాను. అదీ ఆ ఇంటిదేగా అని ధీమా. రెండో రోజుకి మోచేతి దాకా ఎర్రటి దద్దుర్లు, ఒకటే దురద. ఆ మొక్క వయ్యారిభామ. పేరు చూస్తే అలా, పని చూస్తే ఇలా. నాయనమ్మ తిట్టలేదు. రెండు ఆకులూ తెచ్చి నా ముందు పెట్టి, "తేడా చెప్పు" అంది. ఒకటి రంపపు పళ్ళ అంచుతో నూగునూగుగా ఉంది, రెండోది క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉంది. రుద్దుకోక ముందు చూసి ఉంటే సరిపోయేది.

ఆ దురద పెట్టే పదార్థానికి ఒక చుట్టం ఉంది. మాచిపత్రి జాతిలోనే చైనాలో పెరిగే ఒక మొక్కలో దొరుకుతుంది. రెండూ ఒకే తరహా చేదు పదార్థాలు, పేరు సెస్క్విటెర్పీన్ లాక్టోన్లు. నోరు తిరక్కపోతే వదిలేయండి. ఆ చైనా మొక్కతో మలేరియా తగ్గించే మందు చెయ్యాలని తూ యూయూ అనే శాస్త్రవేత్త ప్రయత్నించారు. ఒకసారి పనిచేసేది, ఒకసారి చేసేది కాదు. 1,600 ఏళ్ళ నాటి వైద్య గ్రంథం మళ్ళీ తిరగేస్తే, ఆకుని నీళ్ళలో నానబెట్టి పిండి తాగమని ఉంది. మరిగించమని లేదు! వేడికి గుణం పోతోందేమోనని ఆమెకి అక్కడ తట్టింది. దాంతో నీళ్ళ బదులు, 35 డిగ్రీలకే మరిగే ఈథర్‌తో సారం తీశారు. 1971లో అది పనిచేసింది. రోగులకి ఇచ్చే ముందు ఆమె, తోటివాళ్ళు తామే మింగి చూశారు. ఆ సారంలోంచి వేరు చేసిన మందే ఆర్టెమిసినిన్. 2015లో ఆమెకి నోబెల్ బహుమతి వచ్చింది. పాత పుస్తకాన్ని గుడ్డిగా నమ్మితే ఈ మందు వచ్చేది కాదు, అటకెక్కించినా వచ్చేది కాదు. ఆమె దాన్ని చదివి, తర్వాత పరీక్షకి పెట్టారు.

నిద్ర పట్టడానికి, కడుపులో ఇబ్బందికి టీ కాచుకునే చామోమైల్ కూడా ఈ ఇంటిదే. తెల్ల రేకులు, పసుపు బొడ్డు. ఆవిరి పట్టి నూనె తీస్తే నీలంగా దిగుతుంది. తెలుపూ పసుపూ కలిస్తే నీలం ఎలా వచ్చిందని అడగకండి. ఆవిరి వేడికి ఏవో మారతాయని చెప్పగలను గానీ, చెప్పినా నాకు ఆశ్చర్యం తగ్గదు. ఈ కుటుంబం పుప్పొడి పడనివాళ్ళకి ఆ టీ కూడా పడకపోవచ్చు, అది మాత్రం గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీకో పని. తడి నేల ఉన్నచోట, కాలవ గట్టున, గుంటగలగర కోసం వెతకండి. గోరంత తెల్ల పువ్వులు, ఎదురెదురుగా సన్నటి గరుకు ఆకులు. జుట్టు నల్లబడుతుందని నూనెలో కాచేది దీన్నే. పెద్దవాళ్ళెవరినైనా పక్కన పెట్టుకుని, వయ్యారిభామ కాదని ఒకటికి రెండుసార్లు చూసుకుని, ఒక్క కాడ తుంచండి. నోట్లో పెట్టకండి. తెల్ల కాగితం మీద నలిపి వదిలేయండి. మొదట మామూలు ఆకుపచ్చే ఉంటుంది. కదలకుండా కూర్చుని చూడండి, కాసేపటికి సిరా ఒలికినట్టు నల్లబడుతుంది. ఎందుకో నేను చెప్పను, ముందు చూసి రాయండి.

వేళ్ళకి అంటిన నలుపు సబ్బుకి ఓ పట్టాన పోదు. అమ్మ అడిగితే నా పేరు చెప్పండి.

మీ తాతయ్య